మోదుగులు పూసే నాటి పరకలు

మోదుగులు పూయగానే మా అవ్వ అటక మీది జర్దా డబ్బా కిందికి దించేది. అందులో గాలాలుండేవి. నెలల తరబడి కదలకుండా పడి ఉన్నందుకు వాటికి సన్నగా తుప్పు పట్టేది. పొయ్యిలోని బూడిదతో ఒక్కొక్కటే తోమి, కుసుమ నూనె రాసి, పాత చీర పేలికకు వరుసగా గుచ్చేది. ముందు చిన్నవి, వెనుక పెద్దవి. చిన్నవాటి మీదే ఆమెకు పాణం. "పెద్ద గాలానికి పడితే పడ్తది, లేకుంటే లేదు. చిన్న గాలమే రోజూ కూరకిస్తది" అనేది.

అవ్వ అంటే మా అమ్మ వాళ్లమ్మ. ఆమె ఊరు మంజీర ఒడ్డున, మనూరు దిక్కు. మేముండేది నారాయణఖేడ్‌లో. ఖేడ్ అనే అంటాం, పూర్తి పేరు కాగితాల మీదే రాస్తాం. డెబ్బైల నాటి మాట ఇది. ఒంటిపూట బడులు మొదలైతే శనివారం మధ్యాహ్నమే నేనూ మా అన్నా అవ్వ ఊరికి బయలుదేరేవాళ్లం. పరీక్షలు అయిపోయాయంటే మృగశిర దాకా మళ్లీ ఖేడ్ ముఖం చూసేది లేదు.

మంజీర తీరు విచిత్రంగా ఉంటుంది. మహారాష్ట్రలో బీడ్ జిల్లాలోని బాలాఘాట్ గుట్టల్లో పుట్టి, లాతూరు, బీదర్ దాటి, గౌడ్‌గాం జన్‌వాడ దగ్గర మన నేల మీదికి వస్తుంది. గోదావరి వైపు నేరుగా పోకుండా మా ఖేడ్‌కు దక్షిణం నుంచి చుట్టు తిరిగి, సంగారెడ్డి దిక్కు పోయి, అక్కణ్నుంచి ఉత్తరానికి మళ్లుతుంది. నిజాంసాగర్‌ను నింపి, చివరికి కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. మొత్తం 724 కిలోమీటర్లు. మా తాలూకా ఆ వంపు లోపల, ఒడిలో పెట్టుకున్నట్టు ఉంటుంది. అందుకే ఇక్కడ ఏ ఒర్రెలో నీళ్లు పారినా, అటు పోయినా ఇటు పోయినా, మంజీరకే చేరతాయి. చేపలకు ఈ సంగతి మనకంటే ముందే తెలుసు.

1956 దాకా ఖేడ్ బీదర్ జిల్లాలో ఉండేది. రాష్ట్రాలు విడగొట్టినప్పుడు మేం మెదక్‌లోకి వచ్చాం గానీ మాట మాత్రం గీత దాటి అటూ ఇటూ తిరుగుతూనే ఉండేది. మడుగు దగ్గర కూర్చుంటే ఒకరు చేప అనేవారు, ఒకరు మీను అనేవారు, ఇంకొకరు మాసా అనేవారు. ముగ్గురి గాలమూ ఒకే నీళ్లలో ఉండేది.

వానకాలంలో మంజీరను చూస్తే భయమేసేది. బురద రంగులో, ఒడ్డు తుమ్మల నడుముల దాకా పారేది. అప్పుడు మాకు అక్కడ పని లేదు. మా నది ఎండకాలపు నది. ఫాల్గుణం వచ్చేసరికి పారకం సన్నబడి, ఇసుక తిన్నెలు తేలి, నది ముక్కలు ముక్కలుగా మడుగులయ్యేది. నదిలో కలిసే వాగులైతే ఇంకా ముందే ఆగిపోయేవి. బండల నడుమ, వావిలి పొదల కింద, ఎద్దుల కొట్టమంత మడుగొకటి, గంగాళమంత గుంత ఒకటి మిగిలేవి. ఇసుకలో చెలిమె తోడితే మూరెడు లోతునే నీళ్లూరేవి. నెల రోజులు బురద పేరుకుని అడుగుకు దిగడంతో మడుగు నీళ్లు అద్దమయ్యేవి. వానకాలంలో మైళ్ల పొడవునా తిరిగిన చేపలన్నీ ఆ అద్దం కింద చేరి కనబడేవి.

ముందుగా పరకలు. బుడ్డ పరకలంటాం. వేలెడు పొడవు, వెండి ఒళ్లు, తోక మొదట్లో ఒక నల్ల చుక్క. ఎండలో గుంపుగా మళ్లినప్పుడు నీళ్లలో ఎవరో చిల్లర పైసలు జల్లినట్టు మెరిసేవి. అడుగున ఇసుకకు కడుపు ఆనించి కదలకుండా ఉండే ఉసికె దొందులు. మీసాల జెల్లలు పగలంతా బండ సందుల్లో దాగి, పొద్దు గూకే వేళకు బయటికి వచ్చేవి. జెల్లను గాలం నుంచి తీయడానికి చేయి తిరిగి ఉండాలి. రెక్క మొదట్లో ముల్లుంటుంది, గుచ్చుకుంటే చేయి రాత్రంతా సలుపుతుంది. సన్నగా పాములాంటి పాపెర. బురద మడుగుల్లో మట్టలు. వీటిలో ఏ ఒక్కటీ పావుకిలో తూగదు. అయినా ఎండకాలం నాలుగు నెలలు మా అవ్వ ఇంట్లో నీసు కూరంటే ఇవే.

గాలం కర్ర కోసం వెదురు వెతకడం లేదు. మా దిక్కు వెదురు తక్కువ, వాగు ఒడ్డున వావిలి ఎక్కువ. తిన్నగా పెరిగిన వావిలి బర్రను కోసి, ఆకు దూసి, రెండు రోజులు నీడకు ఆరబెడితే చాలు. పరక ముట్టిందంటే ఆ సంగతి బర్ర మొదలు దాకా వచ్చి అరచేతికి తెలిసేది. దారం ఖేడ్ అంగడిలో కొనుక్కునేవాళ్లం. బరువుకు సీసం ముక్క, అది దొరక్కపోతే చిన్న బోల్టు. అసలైనది బెండు. జొన్న సొప్పను పైన తొక్క ఒలిస్తే లోపల తెల్లగా, మెత్తగా, గాలిలా తేలికగా బెండు వస్తుంది. దాన్ని బొటనవేలంత తుంచి, మధ్యలోంచి దారం గుచ్చితే నీళ్ల మీద నిటారుగా నిలబడేది. మా చేల నిండా జొన్నే కాబట్టి బెండుకు కొదువ లేదు. అదే బెండుతో పొద్దున ఎడ్లబండి బొమ్మ చేసుకునేవాళ్లం, సాయంత్రం దాన్నే విరిచి గాలానికి కట్టేవాళ్లం.

ఎర కోసం జాలారు దగ్గరి తడిమట్టిని తవ్వితే ఎర్రలు దొరికేవి. వైశాఖంలో ఆ తడి కూడా ఎండితే జొన్నరొట్టె పిండే గతి. వేడినీళ్లతో పిసికిన పిండి ముద్దలోంచి మిరియపు గింజంత గిల్లి గాలం మొనకు పెట్టాలి. అంతకంటే పెద్దదైతే పరకలు అంచులు కొరుక్కుతిని పోతాయి. ఈ గిల్లడం మా అన్నకు వచ్చింది కానీ నాకు రావడానికి రెండు ఎండకాలాలు పట్టింది.

నేర్పింది అవ్వ ఇంటి పక్కనుండే తాత. గంగపుత్రుల తాత, వల వేసి బతికిన మనిషి. కాళ్లు పట్టేసి వలకు పోలేని వయసులో మడుగు దగ్గరికి కర్ర ఊతంతో వచ్చి, తుమ్మ నీడలో కూర్చుని మాకు చెప్పేవాడు. "పొద్దు నీ వెనుక ఉండొద్దురా. నీ నీడ నీళ్లల్ల పడ్డదంటే పరక పోయినట్టే." ఇంకోసారి: "బెండు ఆడుతుంటే గుంజకు. అది రుచి చూస్తున్నది. బెండు పక్కకు నడిచిపోతది చూడు, అప్పుడు గుంజు." బెండు మునగడం కోసం కాచుకునేవాళ్లకు పరక దొరకదు. నడవడం కోసం కాచుకోవాలి. ఇన్నేళ్ల తర్వాత కూడా ఎక్కడైనా నీళ్ల మీద ఆకు కదిలితే నా కన్ను అది మునుగుతున్నదా, నడుస్తున్నదా అని చూస్తుంది.

పట్టినవాటిని తుంగ పోచకు చెంపల్లోంచి గుచ్చేవాళ్లం. పోచ నిండితే మూరెడు దండ అయ్యేది. ఇంటికి పోయే దారిలో ఆ దండను అందరికీ కనబడేట్టు పట్టుకుని నడవడం ఉందే, అది చెప్తే అర్థమయ్యేది కాదు.

ఆడవాళ్ల వేట వేరు. నలుగురైదుగురు కలిసి చిన్న గుంతను ఎంచుకుని, మట్టితో కట్ట కట్టి, గిన్నెలతో నీళ్లు ఎత్తిపోసేవాళ్లు. మోకాలి లోతు నీళ్లు మడమ లోతుకు వచ్చేసరికి గుంతంతా ఉడికినట్టు చేపలు ఎగిరేవి. చీర కొంగు ఇద్దరు చెరో చివర పట్టుకుని దేవితే ఒక్క దేవుకు చేటెడు. పంపకం ఒడ్డునే జరిగేది. వచ్చినవాళ్లకు తలా ఇంత, ఇంట్లో బాలెంత ఉన్నామెకు ఇంకొంచెం, నీళ్లు తోడలేక ఒడ్డున కూర్చున్న ముసలామెకు కూడా ఒక వాటా. ఎవరూ లెక్క పెట్టగా నేను చూడలేదు, ఎవరూ తక్కువైందని అనగా వినలేదు.

దీని వెనుక ఒక కట్టుబాటు ఉండేది. ఊరి చెరువులోని పెద్ద చేపలు మత్స్య సహకార సంఘానివి. గంగపుత్రులు, ముదిరాజులు వల వేసి పట్టి అమ్ముకుంటారు, అది వాళ్ల బతుకు. దాని మీద ఇంకెవరూ చేయి వేయకూడదు. కానీ వాగులోని పరకలు ఎవరివీ కావు. గాలం పట్టిన పిల్లవాడిది, కొంగు పట్టిన ఆడమనిషిది, కూలి దొరకని రోజున వచ్చిన వాడిది. ఓసారి నేను తాతను అడిగాను, మీ చేపలను మేం పడుతుంటే కోపం రాదా అని. "పరకలకు కాపలా ఉంటదా బిడ్డా! అవి గంగమ్మ పిల్లలకు పెట్టినయి" అన్నాడు. డెబ్బై రెండు కరువులో చాలా ఇళ్లల్లో పొయ్యి మీద కనబడింది ఆ గంగమ్మ పెట్టినవేనని మా అమ్మ చెప్పేది.

చేపలు ఇంటికి చేరాక పనంతా అవ్వది. పరకలను ఒక్కొక్కటి తోమాలంటే తెల్లవారుతుంది. అందుకని వాకిట్లో గరుకు బండ మీద కుప్పగా పోసి, బూడిద, గళ్లుప్పు జల్లి, రెండు అరచేతులతో రుద్దేది. పొలుసు, జిగురు బండకు అంటుకునేవి. బొటనవేలి గోరుతో కడుపు నొక్కి లోపలిది తీసేసేది. ఏడుసార్లు కడిగేది, ఏడో నీళ్లు తాగే నీళ్లలా ఉంటేనే ఊరుకునేది.

సరిగ్గా ఆ రోజుల్లోనే చింతచెట్లు చిగురు వేస్తాయి. మాకు పరకల కూరంటే చింతచిగురుతోనే. లేత చిగురును అరచేతుల మధ్య నలిపి, పుల్లలు ఏరి, ఎండుమిర్చి, ఎల్లిపాయ నూరి వేసిన నూనెలో పరకలను పరిచి, పైన చిగురు కప్పి, మూత మీద నీళ్లు పోసి సన్నటి సెగ మీద పెట్టేది. గరిటె పెట్టకూడదు, పెడితే పరకలు చిదుగుతాయి. గిన్నెను రెండు చేతులతో పట్టుకుని తిప్పడమే. పులుపు ముల్లులోకి దిగి ముల్లు మెత్తబడేది. తలతో, తోకతో సహా నమిలేవాళ్లం. రొట్టెలు కాల్చడం అయ్యాక వేడి చల్లారని పెంక మీద ఉప్పూ కారం పట్టించిన నాలుగు పరకలు వేసి పిల్లల చేతుల్లో పెట్టేది, కూర ఉడికేదాకా ఆగలేమని ఆమెకు తెలుసు. జొన్నరొట్టె, చింతచిగురు పరకలు. ఆ తర్వాత ఎన్నో ఊళ్లలో ఎన్నో చేపలు తిన్నాను. అది మాత్రం మళ్లీ తినలేదు.

మా పరకల్లాంటిదే బంగ్లాదేశ్‌లో మోలా అనే బుడ్డ చేప, దాని మీద పోషకాహార శాస్త్రవేత్తలు చాలా పని చేశారు. తలా ముల్లూ విడవకుండా తినే ఆ చేపలో విటమిన్-ఏ పెంపుడు చేపలకంటే ఎన్నో రెట్లు ఎక్కువని, ముల్లు తినడం వల్ల సున్నం ఒంటికి పడుతుందని తేల్చారు. అది చదివినప్పుడు బాలెంతకు ఇంకొంచెం వాటా వేసిన ఆ ఒడ్డు గుర్తొచ్చింది.

రోహిణీ కార్తె ఎండలకు మడుగులు వేడెక్కి, పరకలు పైకి వచ్చి నోళ్లు తెరిచేవి. అప్పుడు తాత గాలాలు కట్టిపెట్టమనేవాడు. మిగిలినవి విత్తనం, వాటిని వానకు వదలాలి. మృగశిర ప్రవేశించే రోజున, జూన్ 8 ప్రాంతంలో, తెలంగాణ అంతా చేప తినాల్సిందే కదా. పట్నంలో చేప మందు కోసం జనం బారులు తీరే రోజు కూడా అదే. మా ఊళ్లో మాత్రం ఆనాడు మడుగు ముట్టేవాళ్లు కాదు. ఎండబెట్టి దాచిన పరకలనే పులుసు పెట్టుకునేవాళ్లం.

మొదటి పెద్ద వాన పడిన రాత్రి చేపలు ఎక్కేవి. గోదావరి జిల్లాల వాళ్లు వరదనీటికి ఎదురీదే పులస గురించి ఎంత మురిపెంగా చెప్తారో, మేం మా పరకల గురించి అంత చెప్పగలం. కొత్తనీళ్లు ఒర్రెల్లోంచి వాగులోకి, వాగులోంచి మంజీరలోకి దూకుతుంటే, పరకలు ఆ నీళ్లకు ఎదురు తిరిగి పైకి వచ్చేవి. వాగు దాటి ఒర్రె, ఒర్రె దాటి చెరువు మత్తడి, మత్తడి దాటి చేను గట్టు. దీపం పట్టుకుని పోతే గడ్డిలో తళతళ. మట్టలైతే తడి బాటల మీద పాకుతూ పోయేవి. గుడ్లు పెట్టడానికే ఆ పరుగంతా. వానలు కుదిరాక చెరువులో ఒక్కోచోట నీళ్ల మీద కుంకుమ జల్లినట్టు ఎర్రటి గుంపు తేలేది. కొర్రమట్ట పిల్లలు. "కింద తల్లి ఉంటది. దాన్ని పట్టినవంటే ఆ పిల్లలన్నిటినీ వేరే చేపలు మింగుతయి" అని తాత మా చేతిలో రాయి ఉన్నా పడేయించేవాడు. ఆ కొర్రమీనునే 2016లో తెలంగాణ రాష్ట్ర చేపగా ప్రకటించారు.

ఇదంతా ఏ ఒక్క ఏడాదిలోనో పోలేదు. నదికి అడ్డుకట్టలు మా కంటే ముందే మొదలయ్యాయి. నిజాంసాగర్ 1931 నాటికే పూర్తయింది. ఎగువన లాతూరు దిక్కున ధనేగావ్ దగ్గర, బీదర్‌లో కారంజా మీద, దిగువన సింగూరు దగ్గర ఆనకట్టలు వచ్చాయి. సుమారు 30 టీఎంసీల సింగూరు 1989లో పూర్తయింది, పట్నానికి మంచినీళ్లిచ్చింది. ఆ నీళ్లు తాగినవాళ్లలో నేనూ ఉన్నాను, పాతికేళ్లు పట్నంలోనే కొలువు చేశాను. ఆనకట్టకు నీళ్లు నిలపడం తెలుసు, చేపలను ఎక్కించడం తెలియదు. వాగులను మాత్రం మేమే ఎండబెట్టుకున్నాం. బావులుండే చోట బోర్లు దిగాయి. ఒకటి పోతే రెండోది, వంద అడుగులు పోతే మూడు వందలు. నేల కింద తడి తగ్గేకొద్దీ రోహిణి దాకా నిలిచిన మడుగు సంక్రాంతికే ఆరడం మొదలైంది. చెలిమెలో నీళ్లూరాలంటే కింద ఇసుక ఉండాలి, ఆ ఇసుక లారీల్లో పోయింది. జొన్న చేలల్లోకి పత్తి వచ్చింది. పత్తికి కొట్టిన మందు మొదటి వానకు కొట్టుకుని ఒర్రెల్లోకి వస్తుంది. సరిగ్గా పరకలు ఎదురెక్కే వానకే.

చెరువుల్లోకి జిలేబీలు వచ్చాయి. ఆఫ్రికా చేప, 1952లో మన దేశానికి తెచ్చారు. పిల్లలను నోట్లో పెట్టుకుని సాకుతుంది కాబట్టి దాని సంతానం ఏ నీళ్లలోనైనా నిలబడుతుంది. పరకల గుడ్లు అట్లా కాపాడేవాళ్లు ఎవరూ లేరు. 2016 నుంచి ప్రభుత్వం చెరువుల్లో ఉచితంగా చేప పిల్లలను వదులుతోంది. బొచ్చె, రవ్వ, మృగాల, బంగారుతీగ. దానివల్ల సంఘాల వాళ్లకు నాలుగు డబ్బులు వస్తున్నాయి, అది మంచి పని, వలతో బతికే ఇళ్లను దగ్గర్నుంచి చూసినవాడిగా అంటున్నాను. కానీ పెరగాల్సిన విత్తనం ఉన్న చెరువుకు కాపలా తప్పదు. కాపలా ఉన్న ఒడ్డున పిల్లవాడు గాలం పట్టుకుని కూర్చోలేడు. పరకలకు ఎవరూ విత్తనం వేయరు, వాటికి లెక్కా లేదు.

2016 ఎండకాలంలో నేను అవ్వ ఊరికి పోయాను. ఆ ఏప్రిల్‌లోనే మిరజ్ నుంచి లాతూరుకు రైల్లో నీళ్లు తెచ్చారు. మంజీర పుట్టిన దిక్కునే తాగడానికి చుక్క లేదు. మా మడుగు ఉన్నచోట నెర్రెలు బారిన నల్లమట్టి. అడుగుపెడితే పెళ్లలు విరిగి, వాటి కింద నత్తగుల్లలు, ఎండ్రికాయల డొప్పలు కనబడ్డాయి. తాత కూర్చునే తుమ్మ లేదు. ఆ సెప్టెంబరులో వానలు దంచికొట్టి సింగూరు నిండిందని పేపర్లో చదివి మళ్లీ పోయాను. నది నిండుగా ఉంది. పరకలు మాత్రం ఒక్క ఏడాది నీళ్లతో వచ్చేవి కావు.

మా మేనల్లుడు అమెరికాలో ఉంటాడు. మొన్న చైత్రంలో వాళ్ల బాబు ఫొటో పంపాడు. ఏటి ఒడ్డున, చేతిలో అరచేయంత చేప. వసంతం రాగానే అక్కడివాళ్లు ఏర్లలో, కాలువల్లో ఇట్లాంటి చిన్న చేపల కోసం పిల్లలను తీసుకుని పోతారట. బ్లూగిల్, క్రాపీ, పెర్చ్ అని పేర్లు చెప్పాడు. అన్నింటినీ కలిపి పాన్‌ఫిష్ అంటారట, పెంక మీద ఇమిడే చేప అని. పెద్దవాళ్లకు లైసెన్సు ఉండాలి, రోజుకు ఎన్ని పట్టొచ్చో లెక్క ఉంటుంది. ఆ మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. వాళ్లు కాగితం మీద రాసుకున్నది మా ఊళ్లో తాత నోటిలో ఉండేది. రాయలేదు కాబట్టి ఆయనతోనే పోయింది. ఫొటోలో బాబు బెండు ఎరుపూ తెలుపూ ప్లాస్టిక్‌ది. అది నడుస్తున్నప్పుడు గుంజమని చెప్పు, మునిగేదాకా ఆగొద్దు అని ఫోన్‌లో చెప్పాను. "చెప్తాను మామా" అన్నాడు.

నిరుటి ఎండకాలం ఖేడ్ అంగడికి పోయాను. చేపల దగ్గర మూడు నాలుగు తట్టలున్నాయి. ఐసు కింద బొచ్చెలు, రవ్వలు, ఒక తట్ట నిండా జిలేబీలు. పరకలు ఉన్నాయా అని అడిగాను. కత్తిపీట ముందున్న ఆమె నా వయసుదే.

"ఏం పరకలు సారూ?"

"బుడ్డ పరకలు. వాగువి."

ఆమె కత్తి పక్కన పెట్టి నా ముఖం చూసింది. "అవి అమ్మేటియి కాదు గదా" అంది. కొంచెం ఆగి, "మా అమ్మ చింతచిగురుల వేసేది" అంది.

అంగడి చివర ఒక ముసలామె గోనెపట్టా మీద చిగురు కుప్ప పోసుకుని కూర్చుంది. లేతది, ఇంకా ఎర్రదనం పోలేదు. సేరు కొనుక్కుని ఇంటికి తెచ్చి, పుల్లలు ఏరడానికి కూర్చున్నాను.